పాటతో కట్టిన బడి

శ్రీరామనవమి పందిట్లోనూ, వినాయక చవితి మండపం ముందూ, క్రిస్మస్ రాత్రి పల్లె చర్చిలోనూ పదిమంది గొంతు కలిపి పాడే పాట మన జిల్లాలో ఇంకా వినబడుతూనే ఉన్నది. పాట ముగియగానే చప్పట్లు మ్రోగుతాయి. ఊరి పెద్ద ఎవరో లేచి నాలుగు మంచి మాటలు చెబుతారు. ఒక శాలువా కప్పుతారు, ఒక కొబ్బరికాయ చేతిలో పెడతారు, భోజనాలవుతాయి. మర్నాడు పందిరి విప్పేస్తారు. పాడినవారు తమ పొలం పనుల్లోకి, విన్నవారు తమ పనుల్లోకి పోతారు. ఏడాది తిరిగాక మళ్ళీ పిలుపు వస్తే వచ్చినట్టు, రాకుంటే లేనట్టు.

పాటను మెచ్చుకోవడం మంచి గుణమే. అయితే ఆ మెప్పు పందిరితోపాటే విప్పి మూలన పడవేసేదైతే, దాని వల్ల పాడిన వారికి గాని, పాటకు గాని, ఊరికి గాని ఒరిగేదేమిటన్నది ఆలోచించవలసిన విషయం. మెప్పును ఇటుకలుగా, సున్నంగా, పిల్లల చదువుగా మార్చిన గాయక బృందం ఒకటి ఉన్నది. అది మన దేశానిది కాదు. నూటయాభై ఏళ్ళ కిందట అమెరికాలో, బానిసలుగా పుట్టిన పిల్లలు కూడి కట్టిన బృందం. దాని కథలో మన పల్లెలు నేర్చుకోదగినవి చాలా ఉన్నాయి గనుక దానిని కొంత వివరంగా చెప్పుకోవడం అవసరం.

కూలుతున్న పాకల్లో చదువు

అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం 1865లో ముగిసింది. అదే ఏడాది రాజ్యాంగ సవరణ ద్వారా బానిసత్వం రద్దయింది. అంతవరకు పశువుల మాదిరిగా సంతల్లో అమ్ముడుపోయిన నీగ్రో జనం స్వేచ్ఛ పొందారు. స్వేచ్ఛ అయితే వచ్చింది గాని చేతిలో భూమి లేదు, అక్షరం లేదు. దక్షిణాదిన చాలా చోట్ల బానిసకు చదువు చెప్పడమే నేరంగా ఉండేది. విముక్తి పొందినవారు మొట్టమొదట కోరుకొన్నది చదువు. తాతలూ మనుమలూ ఒకే బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దుకొన్న రోజులవి.

టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో 1866 జనవరిలో వారి కోసం ఫిస్క్ అనే పాఠశాల తెరిచారు. యుద్ధంలో గాయపడిన సైనికుల వైద్యం కోసం వేసిన చెక్క పాకలే దానికి భవనాలు. అయిదేళ్ళు గడిచేసరికి ఆ పాకలు కుళ్ళిపోయి కూలే స్థితికి వచ్చాయి. చలికాలంలో గాలి లోపలికి దూసుకు వచ్చేది. తిండికి కటకట, అప్పులవారి ఒత్తిడి. బడి మూసివేయడం తప్ప వేరు దారి లేదని నడుపుతున్న మిషనరీ సంఘం కూడా అనుకొన్నది.

ఆ బడికి కోశాధికారి జార్జ్ వైట్ అనే తెల్ల ఉపాధ్యాయుడు. ఒక కమ్మరి కొడుకు. యుద్ధంలో ఉత్తరాది పక్షాన పనిచేసి వచ్చినవాడు. సంగీతంలో పెద్ద చదువేమీ లేదు గాని మంచి చెవి ఉన్నది. ఖాళీ వేళల్లో పిల్లలకు పాట నేర్పేవాడు. ఆయనకు సాయంగా ఎల్లా షెప్పర్డ్ అనే యువతి పియానో వాయించేది. ఈమె 1851లో బానిసగానే పుట్టింది. తండ్రి కష్టించి సొమ్ము కూడబెట్టి బిడ్డను యజమాని నుంచి కొని విడిపించుకొన్నాడు. తల్లిని విడిపించుకోలేకపోయాడు. ఆ తల్లీ బిడ్డా మళ్ళీ కలుసుకోవడం యుద్ధం ముగిసిన తరువాతనే సాధ్యమయింది. ఎల్లా ఫిస్క్ బడికి చేరినప్పుడు చేతిలో ఉన్నది 6 డాలర్లు.

ఈ పిల్లలను వెంటబెట్టుకొని ఉత్తరాది పట్టణాల్లో కచేరీలు చేసి బడికి సొమ్ము తెస్తానని వైట్ బయలుదేరాడు. మిషనరీ సంఘం వద్దన్నది. పిల్లల తల్లిదండ్రులు భయపడ్డారు. అయినా 1871 అక్టోబరు 6న తొమ్మిది మంది గాయకులతో రైలెక్కాడు. వారిలో అందరికన్నా చిన్నదైన మిన్నీ టేట్‌కు 14 ఏళ్ళు. ఆ తేదీని ఫిస్క్ విశ్వవిద్యాలయం నేటికీ ఏటేటా పండుగగా జరుపుకొంటున్నది.

ఎవరి పాట పాడాలి?

తొలి రోజులు చాలా కష్టంగా గడిచాయి. హోటళ్ళలో గది ఇవ్వలేదు. ఇచ్చినవారు కూడా రంగు చూసి బయటికి పంపిన సందర్భాలున్నాయి. చందా పళ్ళెంలో పడేది రైలు చార్జీకే చాలేది కాదు. వీరు బయలుదేరిన రెండు మూడు రోజుల్లోనే షికాగో నగరం పెద్ద అగ్నిప్రమాదంలో తగలబడింది. అప్పుడు తమ కచేరీలో వచ్చిన కొద్దిపాటి సొమ్మును ఆ బాధితులకు ఇచ్చివేశారు. తమకే పూట గడవని వేళ చేసిన దానం అది. ఈ సంగతి గమనార్హం.

అప్పటి కచేరీల్లో వారు ఏం పాడేవారు? తెల్లవారి వేదికల మీద గౌరవం పొందిన పాటలు. ఊళ్ళలో అందరూ మెచ్చే ఇంగ్లీషు పదాలు, చర్చి కీర్తనలు. చక్కగానే పాడేవారు. విన్నవారు "బాగానే పాడారు" అని వెళ్ళిపోయేవారు. ఇంతకన్నా బాగా పాడే తెల్ల బృందాలు తమ ఊళ్ళోనే ఉన్నాయి గదా అని వారి భావం. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఆ రోజుల్లో తెల్లవారు ముఖానికి మసి పూసుకొని నీగ్రోల మాటనూ నడకనూ వెక్కిరిస్తూ ఆడే ఆటలు అమెరికాలో విపరీతంగా సాగేవి. నల్లవారు వేదిక ఎక్కారంటే అటువంటి నవ్వులాటే అయి ఉంటుందని జనం అనుకొనేవారు. కొన్ని పత్రికలు కూడా అదే తీరున ఎగతాళిగా వ్రాశాయి.

ఈ పిల్లల దగ్గర మరొక పాటల మూట ఉన్నది. పత్తి చేలల్లో వారి తల్లులు, తాతలు పాడుకొన్న పాటలు. రాత్రివేళ యజమాని కంటబడకుండా అడవి అంచున చేరి గొంతు తగ్గించి పాడుకొన్న భక్తి గీతాలు. పైకి అవి దేవుని పాటలు. లోపల మాత్రం పారిపోయే దారి, కలుసుకొనే చోటు, విడిపోయిన బిడ్డ జ్ఞాపకం. వాటిని నలుగురిలో పాడడానికి పిల్లలకు మొదట మనసొప్పలేదు. కారణాలు రెండు. ఆ పాటలు తల్లిదండ్రులకు పూజతో సమానం, అమ్మకానికి పెట్టరాదన్నది ఒకటి. అవి బానిస రోజుల గుర్తులు, చదువుకొన్న మనం వాటిని మరచిపోవాలి గాని ప్రదర్శించడమేమిటన్న సిగ్గు రెండవది. ఎల్లా షెప్పర్డ్ తరువాతి కాలంలో ఈ సంకోచాన్ని దాచకుండా వ్రాసింది.

1871 నవంబరులో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాలలో పాదిరుల జాతీయ మహాసభ జరిగింది. సభ మధ్య విరామంలో పాడడానికి వీరికి అవకాశం దొరికింది. సభ్యులు కబుర్లాడుకొంటూ ఉన్నారు. అప్పుడు పిల్లలు 'స్టీల్ అవే' అనే తమ పాత పాటను, వినబడీ వినబడనంత మెల్లగా ఎత్తుకొన్నారు. మాటలు ఒక్కొక్కటే ఆగిపోయి సభ నిశ్శబ్దమయింది. కన్నీళ్ళు పెట్టుకొన్నవారున్నారు. ఆ రోజు నుంచీ బృందం దశ తిరిగింది. తమ సొంత పాటలు కార్యక్రమంలో ముందుకు వచ్చాయి, ఎరువు పాటలు వెనక్కు తగ్గాయి.

బృందానికి పేరు కూడా ఆ దినాల్లోనే వచ్చింది. కొలంబస్ పట్టణంలో ఒక రాత్రంతా ప్రార్థన చేసి, వైట్ మర్నాడు 'జూబిలీ గాయకులు' అని ప్రకటించాడు. బైబిలులో యాభయ్యవ ఏట బానిసలను విడిచిపెట్టే సంవత్సరం అది. తెలుగు బైబిలులో దీనినే 'సునాద సంవత్సరం' అన్నారు. పాడే బృందానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు.

విమర్శకులు ఏమి విన్నారు

డిసెంబరులో న్యూయార్క్ చేరి, బ్రూక్లిన్‌లో హెన్రీ వార్డ్ బీచర్ అనే ప్రసిద్ధ ఉపదేశకుని చర్చిలో పాడారు. ఆయన స్వయంగా లేచి తన సంఘంవారిని జేబులు విప్పమని అడిగాడు. తరువాత పత్రికల ధోరణి మారింది. 1872లో అధ్యక్షుడు గ్రాంట్ ఎదుట పాడారు. ప్రఖ్యాత రచయిత మార్క్ ట్వేన్ వీరి పాటను మనసారా మెచ్చుకొని సిఫారసు లేఖ వ్రాశాడు.

ఆ ఏడాది జూన్‌లో బోస్టన్ నగరంలో ప్రపంచ శాంతి ఉత్సవం జరిగింది. వేలాది గాయకులు, వేలాది శ్రోతలు. ఒక ప్రసిద్ధ యుద్ధ గీతాన్ని వాద్యబృందం మరీ పై శ్రుతిలో ఎత్తుకొన్నది. మొదట పాడినవారి గొంతులు అందలేదు. జూబిలీ గాయకులు ఆ శ్రుతిలో ముందుగానే సాధన చేసి వచ్చారు. తమ వంతు రాగానే స్పష్టంగా, నిబ్బరంగా అందుకొన్నారు. సభ యావత్తూ లేచి నిలిచి రుమాళ్ళు ఊపింది. ఆ విజయం అదృష్టం కాదు, సాధన ఫలం.

1873 వసంతంలో ఇంగ్లండు వెళ్ళారు. మే నెలలో విక్టోరియా రాణి ఎదుట పాడారు. ప్రధాని గ్లాడ్‌స్టన్ తన ఇంటికి భోజనానికి పిలిచాడు. సొంత దేశంలో హోటలు గది దొరకని వారు అక్కడ ప్రధాని బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ తరువాత 1877లో జర్మనీ వెళ్ళారు. సంగీతంలో తమను మించినవారు లేరనుకొనే దేశం అది. బెర్లిన్ సంగీత పత్రిక సైతం వీరి గొంతుల కలయికను, స్వరాన్ని పెంచి తగ్గించే తీరును, ఉచ్చారణలోని స్పష్టతను మెచ్చి, మన బృందాలు వీరిని చూసి నేర్చుకోవాలన్న ధోరణిలో వ్రాసింది.

ఈ మెప్పులన్నిటిలోనూ పదే పదే వచ్చిన మాట, వారి మెత్తదనం. వైట్ తన పిల్లలకు గట్టిగా పాడడం కంటె మెల్లగా పాడడం ముందు నేర్పాడు. గుసగుసగా మొదలైన పాట హాలు చివరి వరుస వరకు వినబడేది. పక్కవాని గొంతు వింటూ తన గొంతును అందులో కలపడం, ఎవ్వరి గొంతూ విడిగా తేలకుండా ఉండడం, ఇందుకు రోజుల తరబడి సాధన చేయించాడు.

అయితే మెప్పులన్నీ ఒక తీరువి కావు. "వీరిది సహజమైన అడవి సంగీతం, నేర్చుకొన్నది కాదు" అన్నట్టుగా వ్రాసినవారు కూడా ఉన్నారు. పైకి పొగడ్తగానే కనిపించినా ఇది పాడినవారి శ్రమను తీసివేసే మాట. చెట్టుకు కాయ కాసినట్టు వారికి పాట వచ్చేసిందన్న భావం అందులో ఉన్నది. మన పల్లెల్లో నాట్లు వేసే తల్లి పాటను మెచ్చుకొంటూ "చదువు లేకపోయినా ఎంత బాగా పాడింది" అనే పట్నం పెద్దల మాట కూడా ఈ కోవకు చెందినదే. ఆమెకు పాట ఊరికే రాలేదు. తల్లి దగ్గర, అత్త దగ్గర, వరుసలో ముందున్న మేస్త్రీ దగ్గర ఏళ్ళ తరబడి విని, వంత పాడి నేర్చుకొన్నది.

నిజమైన విమర్శ ఎలా ఉంటుందో థియోడర్ సీవార్డ్ అనే సంగీతజ్ఞుడు చూపించాడు. ఆయన 1872లో వీరి పాటలకు స్వరాలు వ్రాసి పుస్తకంగా వెలువరించాడు. ఊరికే ఆహా అనకుండా, పాట ఏ విధంగా కట్టబడిందో పరిశీలించాడు. సగానికి పైగా పాటల్లో నాలుగో స్వరమూ, ఏడో స్వరమూ రావడం లేదని గుర్తించాడు. సప్తస్వరాల్లో మధ్యమం, నిషాదం వదిలితే మిగిలేవి స, రి, గ, ప, ద. ఇది మన మోహన రాగపు వరుసే. 'మాయాబజార్' చిత్రంలో వెన్నెల పడవ మీద సాగే 'లాహిరి లాహిరి' పాట ఈ రాగమే. సముద్రాలకు ఆవల పత్తి చేలల్లో బానిసలు పాడుకొన్న వరుసకూ, మనం పున్నమినాడు కూనిరాగం తీసే వరుసకూ స్వరాలు ఒక్కటే కావడం ఆశ్చర్యం కలిగించే విషయం. కష్టజీవి గొంతుకు ఈ అయిదు స్వరాలు తేలికగా పట్టుబడతాయి కాబోలు.

సొమ్ము ఎటు పోయింది

ఈ బృందానికి వచ్చిన ప్రశంసలు పుస్తకాల్లో మిగిలితే మిగలవచ్చు. అంతకంటె ముఖ్యం, వచ్చిన సొమ్ము లెక్క. మొదటి యాత్ర నుంచి 1872లో తిరిగివచ్చేసరికి 20,000 డాలర్లు తెచ్చారు. అప్పులు తీర్చి, బడికి కొత్త స్థలం కొన్నారు. ఇంగ్లండు యాత్ర నుంచి తెచ్చినది 50,000 డాలర్లకు దగ్గర. ఏడేళ్ళ మొత్తం సుమారు 1,50,000 డాలర్లని చెబుతారు. ఆ సొమ్ముతో లేచిన పెద్ద భవనం పేరు జూబిలీ హాలు. 1876 జనవరి 1న దానికి ప్రారంభోత్సవం జరిగింది. కూలిన పాకల్లో చదువుకొన్న పిల్లలు గొంతుతో సంపాదించి కట్టిన ఆ భవనం నేటికీ నిలిచి ఉన్నది. 1974లో అమెరికా ప్రభుత్వం దానిని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించింది. ఎడ్మండ్ హావెల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన గాయకుల నిలువెత్తు పటం దాని లోపల ఉన్నది.

ఆ బడిలో చదివి 1888లో పట్టభద్రుడైన డుబోయిస్ తరువాతి కాలంలో నీగ్రో జాతికి మహానాయకుడు, మహారచయిత అయ్యాడు. 1903లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథంలో ఒక అధ్యాయాన్ని ఈ పాటలకే అంకితం చేశాడు. ఆ భవనం తనకు పాటలతో కట్టినట్టే కనిపించేదని వ్రాశాడు. యూరపు నుంచి వచ్చిన గొప్ప స్వరకర్త ద్వోర్జాక్ 1893లో, అమెరికా సంగీతానికి పునాది ఈ నీగ్రో పాటల్లోనే ఉన్నదని పత్రికాముఖంగా చెప్పాడు. మసి పూసుకొని వెక్కిరించిన పాట ఇరవై ఏళ్ళలో ఒక దేశపు సంగీతానికి పునాదిగా గుర్తింపు పొందింది.

గొంతుకు కట్టిన వెల

ఈ కథలో మరొక పక్క కూడా ఉన్నది. దానిని దాచిపెట్టి పొగడ్తలు మాత్రమే చెబితే అది అన్యాయం. ఏడేళ్ళు రాత్రింబవళ్ళు ప్రయాణాలు, చలి, రోజూ కచేరీ. జబ్బు చేసినా విశ్రాంతి దొరకలేదు. బానిస సంతలో నిర్బంధంలో ఉన్నప్పుడే విముక్తి ప్రకటనను తోటివారికి చదివి వినిపించాడని పేరు పొందిన బెంజమిన్ హోమ్స్ క్షయతో చిన్న వయసులోనే మరణించాడు. వైట్ కూడా ఊపిరితిత్తుల జబ్బుతో క్రుంగిపోయాడు. కొందరికి గొంతే దెబ్బ తిన్నది. 1878లో జర్మనీలో ఉండగానే బృందం విడిపోయింది. బడి కోసం పాడినవారిలో చాలామందికి ఆ బడిలో చదువు పూర్తి చేసే అవకాశమే రాలేదు. భవనం లేచింది గాని, దానిని లేపినవారికి అందులో కూర్చునే యోగం కొద్దిమందికే దక్కింది.

పాట మాత్రం ఆగలేదు. ఆ పాత గాయకులలో ఒకరైన ఫ్రెడరిక్ లౌడిన్ మళ్ళీ బృందం కట్టి 1884 నుంచి ఆరేళ్ళపాటు ప్రపంచం చుట్టాడు. ఆ యాత్రలో ఆస్ట్రేలియా, జపానులతోపాటు మన భారతదేశం కూడా ఉన్నది. వీరి పేరు పెట్టుకొని సొమ్ము చేసుకొన్న దొంగ బృందాలు కూడా ఎన్నో బయలుదేరాయి. మంచి సరుకుకు నకిలీ తప్పదు గదా! ఫిస్క్ విద్యార్థులు తరతరాలుగా ఆ బృందాన్ని నిలుపుకొంటూ వస్తున్నారు. 2008లో అమెరికా ప్రభుత్వపు జాతీయ కళా పతకం వచ్చింది. 150 ఏళ్ళ సందర్భంగా చేసిన పాటల సంపుటికి 2021లో గ్రామీ బహుమతి దక్కింది.

మన సంగతి ఏమిటి?

ఇదంతా దూరపు కొండల నునుపు అని కొట్టిపారవేయడానికి వీల్లేదు. పదిమంది కలిసి పాడే పాట మనకు కొత్త కాదు. ఒకరు ఎత్తుకొంటే మిగతావారు అందుకోవడం మన పొలాల్లో, మన పందిళ్ళలో ఉన్నదే. నాట్లలో, కలుపు తీతలో, సున్నం దంచేటప్పుడు, బండ లాగేటప్పుడు, రోకలి పోటులో, బతుకమ్మ చుట్టూ, గొబ్బెమ్మ చుట్టూ, కోలాటంలో, చెక్కభజనలో మన పాటకు ప్రాణం వంతలోనే ఉన్నది. బుర్రకథలో కథకుని పక్కన ఇద్దరు వంతలు లేకపోతే కథ నడవదు. పల్లె చర్చిల్లో పాడే పాత తెలుగు క్రైస్తవ కీర్తనలు సైతం మన రాగాల్లోనే, మన తాళాల్లోనే సాగుతాయి.

అయితే ఈ పాటలు పాడేవారు ఇప్పుడు ఏ వయసువారు? ఎక్కువమంది అరవై దాటినవారు. నాట్లకు యంత్రాలు వస్తున్నాయి, కలుపుకు మందులు వచ్చాయి, దంపుళ్ళు పోయి ఎన్నో ఏళ్ళయింది. పని పోయిన చోట పాట కూడా పోతున్నది. ఉత్సవం వస్తే యువకులు డీజే పెట్టెలు అద్దెకు తెచ్చి ఇంటి గోడలదిరేట్టు మ్రోగిస్తారు. దానికి చందాలు వేలల్లో పోగవుతాయి. ఊళ్ళో ఉన్న భజన బృందానికి చిడతలు కొనడానికి మాత్రం ఎవరి దగ్గరా డబ్బుండదు. మనవడు పట్నంలో చదువుకొని వచ్చి "నానమ్మా, ఆ పాటలు ఇప్పుడెందుకు, నలుగురూ నవ్వుతారు" అంటాడు. ఫిస్క్ పిల్లలకు కూడా మొదట కలిగిన సిగ్గు ఇదే. ఆ సిగ్గును దాటిన రోజునే వారికి కీర్తి వచ్చింది. ఇతరుల పాట ఎంత బాగా పాడినా "బాగుంది" అన్న మాటతో సరిపోయింది. తమ తాతల పాట పాడినప్పుడే సభ నిశ్శబ్దమయింది.

పాట పుట్టిన కులాన్ని బట్టి, పనిని బట్టి దానికి విలువ కట్టే అలవాటు మనలో ఇంకా పోలేదు. డప్పు మీద సాగే పాట ఊరేగింపుకు కావాలి, వేదిక మీద మాత్రం అక్కరలేదు. ఇది మారాలి. తెలుగు జానపద గేయాలను పరిశోధించి విశ్వవిద్యాలయ స్థాయిలో గౌరవం కలిగించిన బిరుదురాజు రామరాజు వంటి పెద్దలు ఈ పనికి ఎన్నడో దారి వేశారు. ఆ దారిలో నడవవలసినది ఇక ఊళ్ళే.

చేయదగిన పనులు పెద్దవేమీ కావు. మొదటిది, పాటలను పోగుచేయడం. ప్రతి ఊరి ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులు ఒక నోటుపుస్తకం పెట్టించి, పిల్లలను ఊరి పెద్దమ్మల దగ్గరకు పంపాలి. పాట మాత్రమే వ్రాసుకొంటే చాలదు. పాడినవారి పేరు, వారికి నేర్పినవారి పేరు, ఏ పనిలో పాడేవారన్నదీ వ్రాసుకోవాలి. ఇప్పుడు ప్రతి ఇంటా ఉన్న సెల్‌ఫోన్‌లో గొంతును కూడా పట్టి ఉంచవచ్చు. నోటుపుస్తకంలో వరుస దొరకదు గనుక ఇది అవసరం.

రెండవది సాధన. మైకు దొరికింది గదా అని అందరూ ఒక్కసారి అరిస్తే అది బృందగానం కాదు. వారానికి ఒక్క సాయంత్రమైనా కలిసి కూర్చుని, పక్కవారి గొంతు వింటూ, మెల్లగా పాడడం అలవరచుకోవాలి. చదువుకొన్న సంగీతం మాస్టరు లేకపోయినా ఫరవాలేదు. వైట్ కూడా పెద్ద సంగీత విద్వాంసుడు కాడు.

మూడవది పాడినవారికి న్యాయం. ఉత్సవ కరపత్రాల్లో ముఖ్య అతిథుల పేర్లు లావు అక్షరాల్లో ఉంటాయి. పాడేవారు 'భజన బృందం' అన్న రెండు మాటల్లో సరిపోతారు. వారి పేర్లు కూడా వేయాలి. రానుపోను ఖర్చులు, భోజనం, ఇచ్చే పారితోషికం ముందుగానే మాట్లాడుకోవాలి. కూలి పని మానుకొని వచ్చినవారికి ఆ రోజు కూలి అయినా ముట్టకుండా శాలువా కప్పి పంపడం గౌరవం అనిపించుకోదు. గొంతు బాగాలేని రోజున విశ్రాంతి ఇవ్వడం కూడా న్యాయంలో భాగమే. బెంజమిన్ హోమ్స్ కథ ఇందుకు హెచ్చరిక.

నాలుగవది, మెప్పుకు ఒక గమ్యం. మన ఊళ్ళలో ప్రహరీ గోడ లేని బడులున్నాయి, పుస్తకాలు లేని గ్రంథాలయాలున్నాయి, పైకప్పు కారే భజన మందిరాలున్నాయి. ఏడాదికి ఒక్క కచేరీ ఫలానా పని కోసమని ముందే చెప్పి జరిపితే, దూరాన ఉద్యోగాలు చేసుకొంటున్న ఊరివారు కూడా చేయి కలుపుతారు. పోగైన సొమ్ము లెక్క మర్నాడే బడి గోడ మీద వ్రాయాలి. లెక్క కనబడితే నమ్మకం పెరుగుతుంది, నమ్మకం ఉన్నచోట మరుసటి ఏడు చందా రెట్టింపవుతుంది.

చివరగా విన్నవారికి ఒక మాట. "చాలా బాగా పాడారు" అని ఊరుకోకండి. ఏ పాట బాగున్నదో, ఎక్కడ తాళం తప్పిందో, ఎవరి గొంతు పాటను నిలబెట్టిందో వారికి చెప్పండి. ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకొన్నారో అడగండి. అటువంటి మెప్పు పాడేవారిని మరుసటి సాయంత్రం మళ్ళీ సాధనకు కూర్చోబెడుతుంది.

సంక్రాంతికి ఇంటికి వచ్చే పిల్లలు ఈసారి డీజే పెట్టెకు చందా అడిగితే, ముందు నానమ్మ దగ్గర ఒక్క పాట నేర్చుకొని రమ్మనండి. ఆమె గొంతు ఉన్నంత కాలమే ఆ పాట ఉంటుంది. తరువాత ఎంత సొమ్ము పోసినా దొరకదు.